రసాయనశాస్త్ర పాఠానికి ఏది ఎంచుకోవాలి: బల్ల మీద ప్రయోగమా, తెర మీద ప్రదర్శనా?

రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడికి ఇప్పుడు ఒకే పాఠానికి నాలుగైదు దారులు కనిపిస్తాయి. ఒక స్థానభ్రంశ చర్యను (ఒక లోహం మరో లోహాన్ని దాని ద్రావణం నుంచి బయటికి నెట్టే చర్యను) తరగతిలోనే బీకరు పెట్టి చేసి చూపవచ్చు, ఎవరో చిత్రీకరించిన వీడియో వేయవచ్చు, అయాన్ల కదలికను చూపే సిమ్యులేషన్‌ను నడపవచ్చు, లేదా విద్యార్థుల చేతికే ఒక వర్చువల్ ప్రయోగశాలను ఇవ్వవచ్చు. సాధారణంగా జరిగే చర్చ మొదటిదాన్ని ఒక పక్కన, మిగిలిన మూడింటినీ మరో పక్కన నిలబెట్టి ఏది మేలని అడుగుతుంది. అలా అడిగితే పనికొచ్చే జవాబు రాదు, ఎందుకంటే వీడియోకూ సిమ్యులేషన్‌కూ మధ్య ఉన్న తేడా వీడియోకూ బల్ల మీది ప్రయోగానికీ మధ్య ఉన్న తేడా కంటే పెద్దది. వీడియో జరిగినదాన్ని చూపుతుంది. సిమ్యులేషన్ ఎవరూ ఎన్నడూ కంటితో చూడలేనిదాన్ని ఊహించి గీసి చూపుతుంది.

ఎంపికకు నేను వాడే కొలబద్ద అలెక్స్ జాన్‌స్టన్ అనే రసాయనశాస్త్ర విద్యావేత్త 1991లో ప్రతిపాదించిన త్రిభుజం. ఈ శాస్త్రాన్ని మనం మూడు స్థాయుల్లో మాట్లాడతామని ఆయన చెప్పారు: కంటికి కనిపించే రంగు, వాసన, వేడి, అవక్షేపం (ద్రావణంలో కరగక విడిపోయే ఘనపదార్థం) ఒక స్థాయి, అణువులు, అయాన్లు, ఎలక్ట్రాన్లు రెండో స్థాయి, సంకేతాలు, సమీకరణాలు, లెక్కలు మూడో స్థాయి. అనుభవమున్న ఉపాధ్యాయుడు ఒకే వాక్యంలో ఈ మూడింటి మధ్య అటూ ఇటూ తిరుగుతాడు, తాను అలా తిరుగుతున్నట్టు అతనికే తెలియదు. వినే విద్యార్థి మాత్రం ఎక్కడో ఒకచోట జారిపడతాడు. అందువల్ల వనరును ఎంచుకునే ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: ఈ పాఠంలో విద్యార్థి ఆగిపోయేది ఏ స్థాయి దగ్గర? మొదటి స్థాయి దగ్గరైతే బల్ల, రెండో స్థాయి దగ్గరైతే సిమ్యులేషన్, మూడో స్థాయి దగ్గరైతే నల్లబల్ల, కాగితం, కలం. వీడియో, వర్చువల్ ప్రయోగశాల ఈ విభజనలో నేరుగా ఇమడవు; వాటి సంగతి విడిగా చూద్దాం.

బల్ల మీద చేసి చూపడం

కళ్లెదుట జరిగే చర్యలో పుస్తకం చెప్పని విషయాలు బయటపడతాయి, దాని అసలు విలువ అక్కడే ఉంది. కాపర్ సల్ఫేట్ ద్రావణంలో జింక్ ముక్క వేస్తే నీలిరంగు వెలిసిపోతుందనీ, జింక్ మీద ఎర్రటి రాగి పేరుకుంటుందనీ పాఠ్యపుస్తకం రాస్తుంది. నిజంగా వేసి చూస్తే మొదట పేరుకునేది నల్లటి బూజులా ఉంటుంది, ఎర్రగా ఉండదు. చూస్తున్న విద్యార్థుల్లో ఒకరైనా ఇది రాగి ఎలా అవుతుందని అడుగుతారు. లోహం అతి సన్నని పొడిగా ఉన్నప్పుడు కాంతిని పట్టుకుని నల్లగా కనిపిస్తుందనీ, అదే పొరను గట్టిగా రుద్దితే రాగి రంగు తేలుతుందనీ చెప్పడానికి అప్పుడు సందర్భం దొరుకుతుంది. బీకరు గోడను చేత్తో తాకితే వెచ్చదనం తెలుస్తుంది. ఉష్ణమోచక చర్య అనే మాటకు అర్థం ఆ తాకిడిలో ఉంది. ఏ తెరా ఆ వెచ్చదనాన్ని అందించలేదు.

నీటి విద్యుద్విశ్లేషణ మరో ఉదాహరణ. కాథోడ్ దగ్గర హైడ్రోజన్, ఆనోడ్ దగ్గర ఆక్సిజన్ 2:1 ఘనపరిమాణంలో వస్తాయని అందరికీ తెలుసు. ప్రయోగం మొదలుపెట్టిన తొలి నిమిషాల్లో మాత్రం కొలిచి చూస్తే హైడ్రోజన్ రెండింతల కంటే కొంత ఎక్కువగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆక్సిజన్ నీటిలో హైడ్రోజన్ కంటే ఎక్కువగా కరుగుతుంది. తరగతికి ముందే కొంతసేపు పరికరాన్ని నడిపి నీటిని వాయువులతో సంతృప్తం చేస్తే నిష్పత్తి దారికి వస్తుంది. అలా సరిచేయకుండానే చూపించి, తేడా ఎందుకొచ్చిందని అడగడం మరింత మంచి పాఠమని నా అభిప్రాయం. తయారుచేసిన సిమ్యులేషన్లు ఇలాంటి చోట కచ్చితంగా 2:1 చూపి ఊరుకుంటాయి.

అయితే బల్ల మీది ప్రదర్శనకు రెండు బలహీనతలున్నాయి. మొదటిది చూపు. సన్నని పరీక్షనాళికలో ఏర్పడిన లేత పసుపు అవక్షేపం వెనక బెంచీలకు అందదు. దీనికి విరుగుడు సులభమే: ఫోను కెమెరాను స్టాండుకు బిగించి, నాళికను ప్రొజెక్టర్ తెర మీద పెద్దగా చూపడం. రంగు మారే చర్యకు వెనక తెల్ల అట్ట, తెల్లటి అవక్షేపానికి వెనక నల్ల అట్ట పెట్టాలి, మార్పు జరగని నాళికను పక్కనే పోలిక కోసం ఉంచాలి. ఇదీ ఒక డిజిటల్ వనరే, పైగా అన్నిటికంటే చౌకైనదీ తక్కువ మంది తలచుకునేదీ ఇదే. వెండి నైట్రేట్ ద్రావణంలో వేలాడదీసిన రాగి తీగ మీద వెండి స్ఫటికాలు మొలవడాన్ని కెమెరాతో దగ్గరగా చూపితే ముందు వరుసలో కూర్చున్నవారు సైతం బల్లను వదిలి తెర వైపే చూస్తారు. కొన్ని చుక్కల ద్రావణం, గాజు పలక, చిన్న తీగ ముక్క సరిపోతాయి కనుక ఖరీదైన ద్రావణం వృథా కాదు.

రెండో బలహీనత లోతైనది. ప్రదర్శన చూసి ఆనందించడం వేరు, నేర్చుకోవడం వేరు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర తరగతుల్లో చేసి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ప్రదర్శనను ఊరికే చూసిన విద్యార్థులకూ అసలు చూడనివారికీ అవగాహనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఏం జరుగుతుందో ముందుగా ఊహించి చెప్పిన తరువాత చూసినవారే మెరుగ్గా నిలిచారు. శాస్త్రం వేరైనా ఈ ఫలితం రసాయన తరగతికీ వర్తిస్తుందనడానికి నాకు సందేహం లేదు. ఊహించు, గమనించు, వివరించు అనే మూడు మెట్ల పద్ధతి శాస్త్ర బోధనలో ఎప్పటినుంచో ఉంది. మొదటి మెట్టును కాగితం మీద రాయించకుండా చేసే ప్రదర్శన మంట ఎంత ఎత్తుకు లేచినా వినోదంగానే మిగులుతుంది. వీడియోకూ సిమ్యులేషన్‌కూ కూడా ఈ షరతు తప్పదు కనుక మిగతా పోలికంతా ఇది పాటిస్తున్నారనే నమ్మకంతోనే రాస్తున్నాను.

వీడియో ఎప్పుడు

మూడు సందర్భాల్లో వీడియో బల్లను నిస్సందేహంగా మించుతుంది: చర్య ప్రమాదకరమైనప్పుడు, కంటికి అందనంత వేగంగా జరిగినప్పుడు, తరగతి గంటలో ముగియనంత నెమ్మదిగా సాగినప్పుడు.

ప్రమాదం విషయంలో మొహమాటం పనికిరాదు. లోహ లవణాలను మిథనాల్‌లో కరిగించి పళ్లేల్లో వెలిగించి రంగురంగుల మంటలు చూపే ‘ఇంద్రధనుస్సు’ ప్రదర్శన ఎన్నో తరగతి గదుల్లో విద్యార్థులను తీవ్రంగా కాల్చింది. మిథనాల్ సుమారు 11 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మండగల ఆవిరినిస్తుంది, దాని మంట వెలుతురులో సరిగా కనిపించదు. మంట తగ్గిందనుకుని సీసాతో మళ్లీ పోసేటప్పుడు ఆవిరి అంటుకుని సీసా నోటి నుంచి మంట చిమ్ముతుంది. తెరిచిన బల్లల మీద మిథనాల్ వంటి మండే ద్రావణులతో దీన్ని చేయడం వెంటనే ఆపాలని అమెరికన్ కెమికల్ సొసైటీ భద్రతా సంఘం 2014లో సూచించింది. ఇక్కడ వీడియోకు వెళ్లనవసరం కూడా లేదు: లవణ ద్రావణాల్లో నానబెట్టిన చెక్క పుల్లలను బర్నర్ మంటలో పెడితే లిథియం ఎరుపు, సోడియం పసుపు, పొటాషియం లేత ఊదా, రాగి ఆకుపచ్చ సురక్షితంగా కనిపిస్తాయి. అమ్మోనియం డైక్రోమేట్‌తో చేసే ‘అగ్నిపర్వతం’ సంగతి వేరు. డైక్రోమేట్‌లో ఉండే షడ్వాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. ఎగిరే పొడిలో చర్య జరపని డైక్రోమేట్ మిగిలి ఉండవచ్చు. దానికి వీడియోయే దారి.

వేగానికి క్షార లోహాలు మంచి ఉదాహరణ. నీటిలో పడిన సోడియం ఎందుకు పేలుతుందని అడిగితే, చర్యలో వెలువడిన వేడికి హైడ్రోజన్ అంటుకుంటుంది కాబట్టి అని చాలాకాలం చెప్పుకున్నారు. 2015లో నేచర్ కెమిస్ట్రీ పత్రికలో వచ్చిన పరిశోధన సోడియం, పొటాషియం మిశ్రలోహపు చుక్క నీటిని తాకగానే ఏం జరుగుతుందో అతివేగ కెమెరాతో పట్టుకుంది. ఎలక్ట్రాన్లు లోహాన్ని వదిలి నీటిలోకి దూకడంతో లోహంలో ధనావేశం పేరుకుని, ఆ వికర్షణకు మిల్లీసెకను లోపలే చుక్క నుంచి ముళ్లలాంటి కొమ్ములు పుట్టుకొస్తాయి. తరగతిలో సోడియం ముక్క నీటి మీద పరుగెత్తడాన్ని ఎన్నిసార్లు చూపినా ఈ విషయం కనబడదు. తుప్పు పట్టడం, స్ఫటికాలు పెరగడం వంటి నెమ్మది మార్పులకు కాలాన్ని కుదించి చూపే చిత్రీకరణ అంతే అవసరం.

మంచి వీడియో ఏదని అడిగితే నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన మూలకాల వీడియోలను ముందుగా చెబుతాను. అనుకున్నట్టు జరగని ప్రయోగాలను కూడా దాచకుండా చూపడం వాటిలోని గొప్ప గుణం. నేపథ్య సంగీతంతో, మెరుపు వేగంతో మారిపోయే దృశ్యాలతో వచ్చే వీడియోలను పక్కన పెట్టాలి. పాత్రలో ఏం పోశారో, ఎంత పోశారో, మొదట ఎలా ఉందో స్పష్టంగా తెలియని వీడియోతో పాఠం సాగదు. చర్యకు ఒక్క క్షణం ముందు ఆపి, ఇప్పుడేమవుతుందని అడగగలగడం వీడియోకు మాత్రమే ఉన్న సౌకర్యం. ప్రత్యక్ష ప్రయోగం ఆగదు.

సిమ్యులేషన్ ఎందుకు, ఎంతవరకు

అణువుల స్థాయిలో బోధనకు సిమ్యులేషన్‌ను మించిన సాధనం లేదని నేను ఒప్పుకుంటాను. కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్ లో 2002లో కార్ల్ వీమన్ ప్రారంభించిన ఫెట్ (PhET) సిమ్యులేషన్లు ఉచితం, అనేక భాషల్లో ఉన్నాయి, దింపుకుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా నడుస్తాయి. పరమాణువును నిర్మించడం, సమీకరణాలను తుల్యం చేయడం, అణువుల ఆకృతులు, వాయువుల పీడనం, ఆమ్ల క్షార ద్రావణాలు వంటి అంశాల్లో ఇవి బాగా పనికొస్తాయి. విద్యార్థి ఒక్క రాశిని మార్చి మిగిలినవి ఎలా మారతాయో వెంటనే చూడగలగడం వీటి బలం.

బల్లా తెరా ఒకదానికొకటి ఎలా తోడవుతాయో చూపడానికి బలమైన ఆమ్లం, బలహీనమైన ఆమ్లం పాఠం తీసుకుందాం. గాఢతకూ బలానికీ తేడా తెలియకపోవడం ఈ పాఠంలో ప్రతి తరగతిలోనూ ఎదురయ్యే చిక్కు. రెండు శాంకవ కుప్పెల్లో 1 మోలార్ గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం చెరో 50 మిల్లీలీటర్లు తీసుకుని, ఒక్కోదానిలో 0.1 గ్రాము మెగ్నీషియం రిబ్బన్ వేసి, వెలువడే వాయువును నీటిని తొలగిస్తూ కొలజాడీల్లో పట్టాలి. దగ్గర్లో మంట ఉండకూడదు. వేసే ముందు విద్యార్థులు రెండు ఊహలు రాయాలి: ఏది వేగంగా సాగుతుంది, చివరికి ఎందులో ఎక్కువ హైడ్రోజన్ వస్తుంది? మొదటిదానికి దాదాపు అందరూ సరిగానే రాస్తారు. రెండోదానికి ఎసిటిక్ ఆమ్లంలో తక్కువ వస్తుందని ఎక్కువ మంది రాస్తారు. తీరా చూస్తే రెండు జాడీల్లోనూ 100 మిల్లీలీటర్లకు దగ్గరగా ఆగుతుంది, ఒకటి గబగబా, మరొకటి తీరిగ్గా.

తరగతి మొత్తం ‘ఎందుకు’ అనే ఆ క్షణాన సిమ్యులేషన్ తెరవాలి, అంతకు ముందు తెరిస్తే దాని విలువ సగమవుతుంది. బలహీన ఆమ్ల ద్రావణంలో చాలా అణువులు విడిపోకుండా ఉండడం తెర మీద కనిపిస్తుంది. 1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో ప్రతి వెయ్యి అణువుల్లో ఏ క్షణాన చూసినా అయానీకరణం చెంది ఉండేవి నాలుగే. ఆ నాలుగు హైడ్రోజన్ అయాన్లు ఖర్చయిన కొద్దీ విడిపోకుండా ఉన్న అణువులు విడిపోయి లోటు పూరిస్తాయి, అందుకే పని నెమ్మదిగా జరిగినా పూర్తిగా జరుగుతుంది. ఈ మాట చెప్పడానికి బల్ల ఒక్కటే చాలదు, తెర ఒక్కటే ఇచ్చి ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు.

సమతాస్థితి పాఠంలోనూ ఇదే వరస. ఫెర్రిక్ క్లోరైడ్, పొటాషియం థయోసయనేట్ పలుచని ద్రావణాలను కలిపితే వచ్చే ఎర్రని రంగు, ఏ ఒక్కదాన్ని కొంచెం చేర్చినా మరింత చిక్కబడుతుంది. అంటే రెండూ ఇంకా మిగిలే ఉన్నాయన్న మాట. రంగు నిలకడగా ఉన్నప్పుడు మాత్రం నాళికలో ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. పురోగామి, తిరోగామి చర్యలు రెండూ సమాన వేగంతో సాగుతూనే ఉన్నాయని చూపగలిగేది సిమ్యులేషన్ మాత్రమే.

సిమ్యులేషన్ చేసే హానిని కూడా చెప్పుకోవాలి. తెర మీద ఆక్సిజన్ ఎర్రగా, హైడ్రోజన్ తెల్లగా, క్లోరిన్ ఆకుపచ్చగా ఉంటాయి. నిజంగానే పరమాణువులకు రంగులుంటాయని నమ్మే విద్యార్థులు తక్కువేం కాదు. ద్రవాన్ని చూపేటప్పుడు కణాల మధ్య ఉండవలసిన దానికంటే ఎక్కువ ఖాళీ వదిలే బొమ్మలు చాలా ఉన్నాయి, ఘనపదార్థం ద్రవమైతే కణాలు బాగా దూరమవుతాయన్న తప్పుడు భావం అక్కడినుంచే వస్తుంది. తెర మీద తిరిగేవి పదులు, వందలు, 0.05 మిల్లీలీటర్ల ఒక్క నీటి చుక్కలో ఉండే అణువుల సంఖ్య 1 పక్కన 21 సున్నాలు పెట్టినా చాలదు. అందువల్ల ఏ సిమ్యులేషన్ నడిపినా చివర్లో ఈ బొమ్మలో ఏది నిజం కాదని అడిగి, జాబితా రాయించడం మంచిది. ఆ జాబితా రాయించని రోజు సిమ్యులేషన్ వాడకపోయినా నష్టం లేదనేంత గట్టిగా నేనీ మాట అంటాను.

వర్చువల్ ప్రయోగశాల

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కెమ్‌కలెక్టివ్ వంటి వర్చువల్ ప్రయోగశాలల్లో విద్యార్థి అల్మారా నుంచి ద్రావణాలు తీసుకుని, కలిపి, ఉష్ణోగ్రతనూ పీహెచ్‌నూ చూడవచ్చు. అంశమాపనం (టైట్రేషన్) నేర్పడానికి ఇది చుక్క చుక్కగా ద్రావణాన్ని వదిలే బ్యూరెట్‌కు ప్రత్యామ్నాయం కాదు. అంత్య బిందువు దగ్గర అర చుక్కను బ్యూరెట్ కొసన నిలిపి కుప్పె గోడకు తాకించి కడగడం, సూచికగా వాడే ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగు కుప్పెను తిప్పినా పోకుండా నిలిచిందో లేదో చూడడం, ద్రవమట్టపు అడుగు వంపును కంటికి సమాన ఎత్తులో చదవడం చేతికి అబ్బవలసిన విద్యలు. మౌసు నొక్కితే అవి రావు. కానీ ఏ గాఢత ఎంచుకోవాలి, ఎన్ని కొలతలు తీయాలి, తప్పు సూచిక వాడితే ఏమవుతుంది అనే ఆలోచనను వర్చువల్ ప్రయోగశాల బాగా సాధన చేయిస్తుంది, అక్కడ పొరపాటు చేస్తే ద్రావణం వృథా కాదు, గంట వృథా కాదు. నిజమైన ప్రయోగానికి ముందురోజు ఇంటిపనిగా ఇవ్వడం దీనికి తగిన చోటు.

వాడే ముందు చూడవలసినవి

డిజిటల్ వనరు ఏదైనా తరగతిలో వాడబోయే యంత్రం మీదే ముందుగా నడిపి చూడాలి. అడోబ్ ఫ్లాష్‌కు 2020 చివరితో మద్దతు ఆగిపోయింది కనుక దాని మీద ఆధారపడిన పాత సిమ్యులేషన్లు ఇప్పుడు బ్రౌజర్లలో తెరుచుకోవు. వనరు ఎంత పాతదో తెలుసుకోవడానికి ఆవర్తన పట్టిక తేలికైన గుర్తు: 113, 115, 117, 118 మూలకాలకు నిహోనియం, మాస్కోవియం, టెన్నెసిన్, ఒగనెసన్ అనే పేర్లు 2016లో ఖరారయ్యాయి, వాటి చోట తాత్కాలిక పేర్లున్న వనరును అప్పటి తరువాత ఎవరూ సవరించలేదన్నమాట. బల్ల మీది ప్రదర్శనకూ ఇలాంటి తనిఖీ ఉంది: అవే రసాయనాలతో, అదే గదిలో ముందుగా ఒకసారి చేసి చూడడం, రక్షణ కళ్లద్దాలు, మిగిలిన ద్రావణాన్ని పోసే పాత్ర సిద్ధంగా పెట్టుకోవడం.

వసతులు తక్కువైన చోట ఏం చేయాలన్నదానికి నా సలహా ఇది. ప్రయోగశాల లేదు, ప్రొజెక్టర్ ఉంది అంటే, చుక్కల పరిమాణంలో ప్లాస్టిక్ కాగితం మీద చేసే సూక్ష్మ ప్రయోగాలను కెమెరాతో పెద్దవి చేసి చూపండి. వీడియోల కంటే అవి మేలు. ప్రొజెక్టర్ లేదు, రసాయనాలున్నాయి అంటే, కణాల బొమ్మలను విద్యార్థుల చేతనే గీయించండి. విద్యార్థులు దూరాన ఉండి వింటున్నప్పుడు ప్రత్యక్ష ప్రసారం కోసం పట్టుబట్టడం అనవసరం, ఆపగలిగే వీడియోయే వారికి ఎక్కువ ఉపయోగం. పాఠానికి ఒక్క గంటే మిగిలి, రెండింటిలో ఒక్కటే కుదిరితే, కొత్త అంశానికి బల్లను, ఇప్పటికే చూసిన చర్యకు సిమ్యులేషన్‌ను ఎంచుకుంటాను.

ఎంపిక ఫలించిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న కాగితం చాలు. ఉప్పు నీటిలో కరగక ముందూ కరిగిన తరువాతా బీకరులో ఉన్న కణాల్లో పదింటిని గీయమనండి. సోడియం, క్లోరిన్ జంటలు జంటలుగా నీటిలో తేలుతున్నట్టు గీసినవారికి తరువాతి గంటలో సిమ్యులేషన్ కావాలి. బొమ్మ సరిగా గీసి, ఆ ద్రావణం విద్యుత్తును ప్రవహింపజేస్తుందా అన్న ప్రశ్న దగ్గర తడబడినవారికి బ్యాటరీ, చిన్న బల్బు, రెండు గ్రాఫైట్ కడ్డీలు బల్ల మీద పెట్టాలి.